పెయింటు కింద బి 47

మ్యూజియంలో అందరూ ఆమెను ‘భూతద్దం’ అంటారు. పాత తుపాకీల మీద సైన్యం కొట్టిన ముద్రలు చదవడం ఆమె పని. ఏ ఫ్యాక్టరీలో పుట్టింది, ఎవరు తనిఖీ చేశారు, ఏ డిపోలో మరమ్మతు చేశారు, అన్నీ ఆ చిన్న గాట్లలోనే ఉంటాయి.

ఆ సోమవారం బల్ల మీదికొచ్చిన సబ్‌మెషీన్ గన్ ఆమె మేనమామది. యుద్ధంలో శత్రువు చేతిలోంచి లాక్కున్నానని ఆయన చెప్పే కథ ఆమెకు కంఠతా వచ్చు. చెప్పినప్పుడల్లా ఆ శత్రువు ఓ అంగుళం పొడుగు పెరిగేవాడు. రెండు సైన్యాలూ ఒకే రకం తుపాకీ వాడాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎనభై దాటాక దాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడు. ఆదివారం సన్మాన సభ.

“సొంత మావయ్య తుపాకీ. కార్డు నువ్వే రాయాలమ్మా” అన్నాడు క్యూరేటర్.

ఆమె తుపాకీ వెనక ఉన్న చెక్క మడమ విప్పింది. లోపల ఇనుము మీద దళసరిగా నల్లరంగు. తుపాకీకి కిటికీ పెయింటేమిటని నవ్వుకుంటూ థిన్నర్‌లో ముంచిన దూదితో రుద్దింది. ముందు గుండ్రటి ముద్ర తేలింది. అది ఈ ఊరి సైనిక డిపోదే. పక్కనే మరమ్మతు చేసిన సంవత్సరం: యుద్ధం ముగిసిన మూడేళ్ళ తర్వాతది. దాని కింద బి 47.

ఆమె దూది కింద పెట్టేసింది.

ఆ డిపోలో ఆమె తండ్రి స్టోరుకీపరు. తనిఖీలో ఒక్క తుపాకీ తగ్గింది, బి 47. తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. ఉద్యోగం పోయింది, ఆరు నెలలు జైలు పడింది. తిరిగొచ్చాక పదకొండేళ్ళు ముందుగదిలో గోడకేసి కూర్చుని, అలాగే పోయాడు. బడిలో ఆమె ‘దొంగ కూతురు’. అప్పుడు ఆ డిపోకే కాపలా ఉన్న మేనమామే పుస్తకాలు కొనిచ్చాడు, బట్టలు కుట్టించాడు. ఈ పనికి చదివించిందీ ఆయనే.

సాయంత్రం నేరుగా ఆయన ఇంటికి వెళ్ళింది. అమ్మ ఉండేదీ అక్కడే. ముద్ర ఫొటో ఆయన చేతిలో పెట్టింది.

“ఇది మన డిపో ముద్ర, మావయ్యా.”

ఆయన దాన్ని దీపం కిందికి జరిపి చూశాడు.

“కుర్రతనం” అన్నాడు. “యుద్ధానికి వెళ్ళాను గానీ ఒక్క తూటా కాల్చలేదే. ఏం తెచ్చావు, ఏం తెచ్చావని అందరూ ప్రాణం తీసేవాళ్ళు. మీ నాన్న తాళాలు నాకిచ్చి భోజనానికి వెళ్ళేవాడు. తిరిగి పెట్టేద్దామనుకునేలోగా తనిఖీ వచ్చిపడింది.”

“నాన్నను తీసుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డావా?”

“నేనూ జైలుకెళ్తే మిమ్మల్ని ఎవరు సాకేవారు?”

తండ్రి పోయిన ఏడాదే ఆ తుపాకీ ఈ హాలు గోడెక్కిందని ఆమెకు అప్పుడు తట్టింది. తల్లివైపు తిరిగింది. అమ్మ కూరగాయలు తరగడం ఆపింది గానీ తలెత్తలేదు.

“నీకు తెలుసా అమ్మా?”

“మీ నాన్న పోయాక చెప్పాడు. పోయినాయన ఎలాగూ రాడు. నీ చదువుందిగా.”

మర్నాడు ఆమె కార్డు రాసింది: ‘డిపో నుంచి దొంగిలించిన ఆయుధం, బి 47. ఇందుకు శిక్ష పడిన స్టోరుకీపరు నిర్దోషి.’

క్యూరేటర్ చదివి కళ్ళజోడు తీశాడు. “ఆహ్వానాలు వెళ్ళిపోయాయమ్మా. పండుముసలాయన్ని ఇప్పుడు రచ్చకీడుస్తామా?”

క్యూరేటరే పాత యుద్ధ కథతో ఇంకో కార్డు రాసుకున్నాడు. ఆమె సంతకం పెట్టలేదు. ఆదివారం సభకూ వెళ్ళలేదు. అమ్మ మొదటి వరసలో కూర్చుందని తర్వాత తెలిసింది. నెల తిరక్కుండా ఆమెను నాణేల విభాగానికి మార్చారు.

తండ్రి మీద కేసు కొట్టేయమని ఫొటోలు జతచేసి కోర్టుకు అర్జీ పెట్టింది. ముప్పై ఏళ్ళు దాటిన కాగితాలు తగలబెట్టేశామనీ, లేని కేసును కొట్టేయడం కుదరదనీ జవాబొచ్చింది.

ఆ రోజే అమ్మ ఫోన్ చేసింది. “మావయ్య బెంగ పెట్టుకున్నాడే. ఒక్కసారి భోజనానికి రాకూడదూ?”

“రాను” అని పెట్టేసింది. ఆ తర్వాత ఆమె ఆ గడప తొక్కలేదు.