వరహాలు మామిడి పాఠం

మా అక్క కొడుకు వరహాలరావుకి పంతులు ఉద్యోగం రాకపోతే రంగూను ఓడ ఎక్కించేస్తానని మా బావగారు శృంగవరపుకోటలో నలుగురి ముందూ అనేశారు. అక్కడెక్కడో బియ్యం మిల్లులో గుమాస్తా పని ఉందట. వరహాలుకి నీళ్ళంటే భయం. మోకాలి లోతు గెడ్డ దాటాలన్నా నా భుజం పట్టుకుంటాడు. అలాంటివాడు సముద్రం మీద ఎలా పోతాడు? అందుకే ట్రైనింగు పాసవగానే ట్రంకుపెట్టె బండిలో పడేసి, ఘాటీ ఎక్కి మా ఇంటికి వచ్చేశాడు.

అనంతగిరి అవతల గొందివలసలో నాకు ఉప్పూ బట్టా అమ్మే కొట్టు ఉంది. మన్యంలో ఫితూరీ, అదే తిరుగుబాటు, సద్దుమణిగిన మరుసటి ఏడు అది. మా ఊళ్ళో కొత్తగా బడి పెడతామని పాక వేశారు గాని పంతుల్ని వెయ్యలేదు. చైత్రమాసం ఆఖర్లో ఇన్‌స్పెక్టరు గారు గుర్రం మీద వస్తారు. వరహాలు ఆయన ఎదుట పిల్లలకి ఒక పాఠం చెప్పాలి. నచ్చితే ఉద్యోగం, నచ్చకపోతే ఓడ.

"వస్తుపాఠం చెప్తాను మావయ్యా," అన్నాడు వరహాలు. "ఒక వస్తువు తెచ్చి పిల్లలకి చూపించాలి, ముట్టుకోనివ్వాలి, వాసన చూపించాలి, రుచి చూపించాలి. ఒక్క మెట్టు తప్పినా పాఠం చెడినట్టే."

సాయంత్రం కొట్టు కట్టేశాక నేనూ మా ఆవిడ చిన్నమ్మలూ విద్యార్థులమయ్యాం. నేను చేతులు కట్టుకుని బుద్ధిగా కూచున్నాను. మా ఆవిడ మాత్రం చింతపండు పిక్కలు తీస్తూ కూచుంది. వరహాలు గొంతు సవరించుకుని వంకాయ పైకెత్తాడు.

"పిల్లలారా, ఇది ఏమి?"

"వంకాయ. రేపు కూరకి దాచేను. ఇటు తే," అంది మా ఆవిడ.

"పిల్లలు అలా అనరు అత్తా!"

"అంతకంటే ఎక్కువే అంటారు. నువ్వే సూద్దువుగాని."

చూడడం అయింది, ముట్టడం అయింది, వాసనా అయింది. రుచి దగ్గరికి వచ్చేసరికి వరహాలు వంకాయ ముక్క కోసి ఆవిడ ముందు పెట్టాడు.

"పచ్చి వంకాయ నమలడానికి నాకేటి తిక్కా? పిల్లగుంటలు తూ అని ఉమ్మేసి పరుగెడతారు. నోరూరేదేదైనా సూసుకోరా, బాబూ."

ఆ మాట వాడి బుర్రలో పడింది. మర్నాడు పొద్దున్నే మాతో చెప్పకుండా పాఠం మార్చేశాడు. ఇన్‌స్పెక్టరు గారికి ముందుగా తెలియజెయ్యాలి కాబట్టి, "వస్తువు: మామిడికాయ" అని టపావాడి చేతికి చీటీ కూడా ఇచ్చేశాడు. అప్పటికి నేను సుంకరమెట్ట సంతకి వెళ్ళిపోయాను. ఇంట్లో మా ఆవిడ ఊరగాయ కోసం శృంగవరపుకోట నుంచి తెప్పించిన మామిడికాయల బుట్ట ఉంది. అందులోంచి ఒకటి తీసుకుని, పిల్లల్ని పోగేసి, పాకలో పాఠం అలవాటు చేసుకుందామని బయల్దేరాడు.

నేను సంత నుంచి తిరిగొచ్చేసరికి వాడు మా అరుగు మీద ఉన్నాడు. పక్కన ట్రంకుపెట్టె.

"మావయ్యా, రంగూను ఓడ ఎప్పుడుంటుందో కనుక్కో."

సంగతి మెల్లగా బయటపెట్టాడు. కాయ చూపిస్తే పిల్లలు గట్టిగా పేరు చెప్పారట. ముట్టుకున్నారట, వాసన చూశారట. ముక్కలు కోసి "తినండి" అంటే మాత్రం అందరూ చేతులు వెనక్కి పెట్టేసుకున్నారట. సిగ్గు పడుతున్నారు కాబోలనుకుని, వీడే ఒక ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలి చూపించాడు. సుక్రి అనే పిల్ల కెవ్వుమంది. మంగ్లు అనేవాడు దడి మీంచి దూకేశాడు. రెప్పపాటులో పాకలో వరహాలు ఒక్కడే మిగిలాడు.

"ఓరి నాయనా, ఇంకా మామిడి కొత్త కాలేదురా!" అన్నాను.

మా కొండల్లో కొత్త కాయ కాసినా ఎవరూ నోట పెట్టరు. మంచిరోజు చూసే పెద్దని దిసారి అంటారు. ఆయన రోజు చెప్పాలి, నిసాని రాయి దగ్గర ఊరి దేవతకి కొత్త కాయ పెట్టాలి, ఆ తరువాతే మనుషులు తినాలి; దాన్నే కొత్త అంటారు. అప్పటిదాకా గాలికి రాలిన కాయ రాలినచోటే పడి ఉంటుంది. నేను ఆ నెలలో ఊరగాయ వేసుకున్నా తలుపు వేసుకునే తింటాను.

"నాకేం తెలుసు మావయ్యా? అయినా కాయ తింటే తప్పేమిటి?" అని గొణిగాడు.

"ఈ ఏడు ఉగాదినాడు, పచ్చడి నైవేద్యం కాకముందు మామిడిముక్క అడిగితే మీ అమ్మ ఏం చేసింది?"

వాడు మోచెయ్యి తడుముకున్నాడు. "గరిటెతో కొట్టింది."

"మరి?"

నిజానికి ఆ ప్రశ్న అడిగేదాకా నేనూ ఆ రెండింటినీ కలిపి చూడలేదు. ఇన్నేళ్ళూ వాళ్ళది ఆచారమనీ మనది పూజ అనీ అనుకుంటూ వచ్చాను. మామిడికాయకి ఆ తేడా తెలుసునా అని ఆ పూట మొదటిసారి అనిపించింది.

మా ఆవిడతో కలిసి ముగ్గురం దిసారి సోంబరు ఇంటికి వెళ్ళాం. ముసలాయన వెదురుబద్దలతో బుట్ట అల్లుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"పంతులు మామిడి తిన్నాడట గదా. కడుపు నొప్పెడతందా?"

"లేదు," అన్నాడు వరహాలు.

"వత్తాదిలే, తొందరేటి?"

చుట్టూ కూచున్నవాళ్ళు పకపకా నవ్వారు. నవ్వారు కాబట్టి నాకు ధైర్యం వచ్చింది. తప్పు ఎలా దిద్దుకోవాలో చెప్పమన్నాను.

"దేవతకి కోడిపుంజు పెట్టాల," అన్నాడు సోంబరు.

మా ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో, మా సేత కోడా!"

"నిన్ను తినమన్నేదు సావుకారమ్మా. తల్లి తింటాది." సోంబరు బుట్ట పక్కన పెట్టి మా ముగ్గురి ముఖాలూ చూశాడు. "సరే, మీ దేవుడు ఏటి తింటాడు?"

"కొబ్బరికాయ, బెల్లం," అన్నాను.

"అయితే అయ్యే తేండి. మా తల్లికి తీపీ ఇష్టమే." తరువాత వరహాలు వైపు తిరిగాడు. "ఒక్క మాట పంతులూ. కొత్త అయ్యేదాకా బడిలో ఏ గుంటడి నోటికీ, ఏ గుంట నోటికీ మామిడి తగలకూడదు. మాటిత్తావా?"

వరహాలు దండం పెట్టి మాటిచ్చాడు. మర్నాడు నిసాని రాయి దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. నేనూ పక్కన నిలబడ్డాను. అలవాటు కొద్దీ నా నోటికి రామనామమే వచ్చింది. ఆ తల్లి ఏమీ అనుకున్నట్టు లేదు. పిల్లలు బడికి వచ్చేశారు. చీటీ వెళ్ళిపోయింది గనక పాఠం మాత్రం మార్చడానికి లేదు.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజున మా కొట్లో పీట తీసుకెళ్ళి పాకలో వేశాం. తలపాగా, గొడుగు, ముక్కు మీద కళ్ళజోడు. వరహాలు పాఠం మొదలెట్టాడు. పిల్లలు కాయ రంగు చెప్పారు, సొన అంటితే ఏమవుతుందో చెప్పారు, ఊళ్ళో మామిడిచెట్టు ఎవరి పెరట్లో ఉందో కూడా చెప్పారు. వాసన కాగానే వరహాలు కాయ బల్ల మీద పెట్టేసి నమస్కారం చేశాడు.

"అయిపోయిందా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "రుచి ఏదయ్యా? ట్రైనింగులో ఏం నేర్చుకున్నావు?" జేబులోంచి చాకు తీసి చాచారు. "కోసి పెట్టు."

గుమ్మం దగ్గర సోంబరు గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. వరహాలు చాకు వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. వాడి కళ్ళల్లో నాకు రంగూను సముద్రం కనిపించింది.

"పెట్టలేనండి," అన్నాడు.

"ఏమిటీ?"

"వీళ్ళు ఇంకా దేవతకి పెట్టలేదండి. అందాకా పెట్టనని మాటిచ్చేనండి."

"రుచి చూడకపోతే పిల్లలకి పాఠం ఎలా వస్తుంది?"

వరహాలు పిల్లల వైపు తిరిగాడు. "పోయినేడు తిన్నారు గదా. ఎలా ఉంటాదో మాటాడకుండా సూపించండి." కంగారులో వాడికి మా ఆవిడ యాస వచ్చేసింది.

మంగ్లు ఒక కన్ను మూసి, నాలుక అంగిట్లో కొట్టి, "ట్స్" అన్నాడు. సుక్రి అరచేతిలో ఉప్పూ కారం కలిపినట్టు వేలితో రుద్ది, అద్దుకుని నాకి, తల నుంచి కాళ్ళ దాకా వణికింది. ఇక ఆగలేదు. పాకంతా చప్పరింతలే. నా నోట్లోనూ నీళ్ళూరాయి. ఇన్‌స్పెక్టరు గారి వైపు చూద్దును గదా, గొంతు మీదికీ కిందికీ కదులుతోంది. ఆయన రుమాలు తీసి పెదాలు ఒత్తుకున్నారు.

చాకు మడిచేశారు. తరువాత సోంబరుని అడిగారు.

"దేవతకి పెట్టేదాకా పిల్లలు కూడా నోట పెట్టరా? మీరు కాపలా కాస్తారా?"

"పిల్లలే మమ్మల్ని కాత్తారు, బాబూ."

ఇన్‌స్పెక్టరు గారు నవ్వారు. మరేమీ అనకుండా కాయ తీసి కోటు జేబులో వేసుకుని గుర్రం ఎక్కారు. పాస్ అన్నారో లేదో తెలియక వరహాలు స్తంభంలా నిలబడిపోయాడు. సాగనంపే వంకతో నేను గుర్రం పక్కన నడిచాను. దారి పొడుగునా ఎలా అడగాలా అని మాటలు కూర్చుకున్నాను.

గెడ్డ దాటాక ఆయన వెనక్కి తిరిగి చూశారు. "ఏమండీ, మీ ఊరి పొలిమేర దాటామా?"

"దాటేమండి. అదిగో, ఆ రాయే పొలిమేర."

"రూఢిగా?"

"రూఢిగానండి."

ఆయన కోటు జేబులోంచి కాయ తీశారు, చాకుతో చెక్కు తీశారు. ఒక ముక్క కొరికి, ఒక కన్ను మూసి, అచ్చం మంగ్లులాగే "ట్స్" అన్నారు.

"మీ మేనల్లుడికి ఆర్డరు వచ్చే టపాలో వేయిస్తాను," అని చెయ్యి చాచారు. "మీది ఉప్పు కొట్టే కదా. చిటికెడు ఉందా?"

ఉత్తరీయం కొంగున ఎప్పుడూ కాస్త కట్టుకునే ఉంటాను. ముడి విప్పి ఆయన అరచేతిలో పోశాను.