పుస్తకం పట్టుకునే పని

“పుస్తకం పట్టుకోని ఊరికే కూచ్చోనేదానివేగా, ఆ కాయలన్నా ఒలువుమే,” అంటూ మా అత్త రాహేలమ్మ వేరుసెనగ కాయల గంప నా ముందుకు తోసింది. విత్తనానికి ఒలిచే కాయలు; గింజ మీద పొర చిట్లితే ఆమె ఊరుకోదు. కాయలు అయిపోతే చింతపండు, చింతపండు అయిపోతే కందులు. మూడేళ్లుగా పొద్దున్నే ఇదే వరస. మా ఆయన ఓబయ్య పంచలో గోడకు ఆనుకుని ఎనిమిదో తరగతి పరీక్షకు చదువుతాడు. పుస్తకం తన చేతిలో ఉంటే కళ్లు జవాబు మీదికి పోతాయట. అందుకని నేను మోకాళ్ల మధ్య పుస్తకం నిలబెట్టుకుని ప్రశ్న అడగాలి, ఆయన జవాబు చెప్పాలి, తప్పయితే నేను దిద్దాలి. ఉదయగిరిలో ఎవరడిగినా మా అత్త చెప్పే మాట మాత్రం ఒకటే: “మావాడు చదవతా ఉండాడు. కోడలికేం, కూచ్చోనుంటాది.”

పాసైతే ఆత్మకూరు తాలూకా ఆఫీసులో ఉద్యోగం వస్తుందని ఆయన ఆశ. రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ఇంగ్లీషే ముంచింది. ఏది దేనికన్నా పెద్దది, ఏది అన్నిటికన్నా ఎత్తు అని లోకంలోని కొండలనూ నదులనూ ఇంగ్లీషులో పోల్చి చెప్పాలి. ‘ఏసియా ఈజ్ బిగ్గర్ దేన్ ఆఫ్రికా.’ ‘ది నైల్ ఈజ్ లాంగర్ దేన్ ది గాంజెస్.’ ఆయనకు అవి చేదు మాత్రలు. నాకు మాత్రం, చెప్పడానికి సిగ్గేం, ప్రాణం లేచి వచ్చేది. మిషను బళ్లో ఏడో తరగతి మధ్యలో నాకు పెళ్లి చేసి పంపారు. ఈ ఇంట్లో నన్ను కూడా రోజూ పోలుస్తూనే ఉంటారు. ఎదురింటి సీతమ్మ కన్నా నలుపు, పెద్ద తోడికోడలి కన్నా పని నిదానం, నా సంగటి అందరి సంగటి కన్నా పలచన. చిరపుంజిలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ వాన పడుతుందని మొదటిసారి చదివినప్పుడు గింజలు ఒలవడం ఆపేశాను. అక్కడి ఆడవాళ్లు నీళ్లకు ఎంత దూరం నడుస్తారో అనుకుంటూ, ఎండిన మా చేను వైపు చూస్తూ ఉండిపోయాను.

ఏటా ఆయన ఆత్మకూరు నుంచి దరఖాస్తు ఫారాలు రెండు తెస్తాడు, ఒకటి సిరా ఒలికి పాడవుతుంది గనుక. ఈ ఏడు “నువ్వే రాయి, నీ రాత గుండ్రంగా ఉంటాది,” అని నాకిచ్చాడు. నేను పాడు చేయలేదు. ఒక ఫారం మిగిలింది. ఎనిమిది పాసైతే నెల్లూరులో టీచరు ట్రైనింగుకు తీసుకుంటారు. రెండు రోజులు ఆ ఫారాన్ని బైబిల్లో దాచాను, మూడో రోజు దాని మీద నా పేరు రాశాను. రెండూ ఒకే కవరులో పెట్టి అంటించి ఇస్తే, నేనిచ్చే అన్నిటిలాగే దాన్నీ చూడకుండా జేబులో పెట్టుకుని, బస్సెక్కి పోయి తన చేత్తోనే ఇచ్చి వచ్చాడు. అప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

ఆ పొద్దున మేక వచ్చి గంపలో మూతి పెట్టింది. లేచి దాన్ని తోలి వచ్చి, పుస్తకం మళ్లీ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను.

“ఎవరెస్టు?” అన్నాను. రెండేళ్ల కిందటే మనుషులు దాన్ని ఎక్కారు గనుక ఈసారి తప్పకుండా అడుగుతారని ఆయన నమ్మకం.

“ఎవరెస్ట్ ఈజ్ ది మోర్ హైయెస్ట్...”

“మోర్ వద్దు. గ్రీన్‌లాండు?”

“లార్జెస్ట్ డెసర్ట్.”

“ఎడారి సహారా. గ్రీన్‌లాండు ద్వీపం.”

తలెత్తితే ఆయన నా మోకాళ్ల వైపే చూస్తున్నాడు.

“పుస్తకం తలకిందులుగా ఉండాదే.”

చూసుకున్నాను. నిజమే.

“ఎన్నాళ్ల నుంచిమే, నీకు చూడకుండా వచ్చేది?”

“పోయినేటి నుంచి.”

“అయితే నన్ను ఎకసెక్కం చేస్తా ఉండావా?”

“లేదయ్యా, దిద్దతా ఉండాను. ఇంకో మాట. ఆ కవర్లో నా ఫారం కూడా ఉండాది. నువ్వే ఇచ్చొచ్చినావు.”

దెబ్బ పడుతుందని పళ్లు బిగించుకున్నాను. పడలేదు. ఆయన విసురుగా లేచి పంచ చివరిదాకా పోయి, తిరిగి వచ్చాడు.

“నువ్వు పాసై నేను తప్పితే?” అన్నాడు చిన్నగా.

అదా భయం! ఇన్నాళ్లూ నా భయమే పెద్దదనుకున్నాను. మూడు వారాలుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలాను. ఎంత హాయిగా ఉందో!

“తప్పితే మళ్లా రాయి. రెండుసార్లు తప్పినావు, ఊరేమన్నా మునిగిందా? ఈ పూట పుస్తకం నువ్వు పట్టుకో. నేను చెప్తాను.”

ఆయన కూర్చుని పుస్తకం తీసుకుని, సరిగ్గా తిప్పి పట్టుకున్నాడు. నేను పోయి గోడకు ఆనుకున్నాను. ఆ గోడ అంత చల్లగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

లోపలి నుంచి మా అత్త వచ్చింది. కొడుకు చేతిలోని పుస్తకాన్ని చూసింది. ఖాళీగా ఉన్న నా చేతులను చూసింది. ఆమె వంగి గంపను కొడుకు ముందుకు తోసింది.

“పుస్తకం పట్టుకోని ఊరికే కూచ్చోనేవాడివేగా, ఆ కాయలన్నా ఒలువురా.”