కాముడికిచ్చిన చిలుకలు

చెరుకు తోలే రోజుల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుస రోడ్డు పొడుగునా పాకేది. ముందు బండి కదిలితేనే వెనక బండి కదలాలి. ఎడ్లను విప్పి మేత వేసి, బండ్లవాళ్లు గుండ్రంగా కూర్చుని సద్దులు విప్పుకునేవారు. ఎవరి సద్ది వాళ్లది కాదక్కడ. ఒకడి కారప్పొడి ఇంకొకడి రొట్టె మీదికి పోయేది, ఒకడి పచ్చడి నలుగురు నాకేవారు. చాటుకు పోయి తినే మనిషిని ఆ గుంపు మళ్లీ దగ్గరికి రానిచ్చేది కాదు.

ఎర్రన్న భార్య రేణుకమ్మకు ఈ మర్యాద తెలియదు. మగని సద్ది మగడే విప్పుకుంటాడని అనుకుంది.

ఆమె మోర్తాడ్ దిక్కు పిల్ల. పసుపు పండించే ఇల్లు. ఎర్రన్నను చేసుకుని వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అత్త దేవవ్వ చెడ్డ మనిషేం కాదు గాని, ఆ ఇంట్లో ఉన్నది రెండు అర్రలు, ఒక వాకిలి. పగలంతా మొగుడూ పెళ్లాల నడుమ నడిచే మాటలు ఎడ్లకు కుడితి పెట్టావా, నీళ్లు తోడావా అన్నంత వరకే. రాత్రి గుసగుసగా మాట్లాడినా అవతల అర్రలో ముసలామె దగ్గేది. ఆ దగ్గు నిద్రలోదో మెలకువలోదో తెలిసేది కాదు.

కాలువ అవతల గుంటూరు నుంచి వచ్చిన రైతుల క్యాంపు ఉంది. అక్కడి నాగకుమారి గ్రామసేవిక దగ్గర బిస్కెట్లు కాల్చడం నేర్చుకుందని తెలిసి, రేణుకమ్మ మజ్జిగ చెంబు వంకతో ఆమె ఇంటికి పోయి వచ్చేది.

"పెనం మీద కాల్చే సరుకు కాదే ఇది," అంది నాగకుమారి. "గిన్నెలో ఇసుక పోసి, బాగా కాగనియ్యి. పైన రేకు పళ్లెం పెట్టి మూసి, మూత మీద నిప్పులెయ్యి. కింద సెగ, పైన సెగ. మధ్యలో నువ్వు మూత తీసి తొంగి చూశావో, అన్నీ మెత్తబడి ముద్దలైపోతాయి."

"గుండ్రంగనే చెయ్యాల్నా అక్కా?"

"నీ ఇష్టం. చందమామలు చేసుకో, చేపలు చేసుకో. ఇంతకీ ఎవరికే?"

రేణుకమ్మ పిండి మీద గోటితో గీతలు గీసింది. "కాముని పున్నమ వస్తున్నది గద. మా దిక్కు పెద్ద పండుగ. కాముని చేతుల చెరుకు విల్లు, ఎక్కేది చిలుక."

"అయితే మీ ఆయన చెరుకు బండి తోలుతున్నాడు, నువ్వు చిలకలు చేస్తున్నావన్నమాట," అని నాగకుమారి నవ్వింది. రేణుకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పున్నమ రోజు తెల్లవారుజామున అత్త చెలక పనికి పోగానే పొయ్యి ముట్టించింది. మైదా, వెన్న, దంచిన చక్కెర కలిపి ముద్ద చేసి, పలచగా ఒత్తి, కత్తి మొనతో చిలుకలు కోసింది. కాలిన తర్వాత చక్కెర పొడిలో రెండు చుక్కల నీళ్లు కలిపి పాకంలా చేసి, మిఠాయి దుకాణపు రంగులు వేసింది. ఒంటికి ఆకుపచ్చ, ముక్కుకు ఎరుపు, మెడకు పసుపు. చీపురు పుల్లను ముంచి, ముగ్గు పెట్టినట్టే ఒక్కొక్క ఈకా దిద్దింది. కంటికి ఆవగింజ. అన్నిటి మీదా ఒక జంటను పెట్టింది. రెండు చిలుకలు, ముక్కుకు ముక్కు ఆనించి. వాటిని రేకు డబ్బాలో పేర్చి సద్దిమూటలో అడుగున పెట్టింది. పైన జొన్నరొట్టె.

ఎర్రన్నకు ఏమీ చెప్పలేదు. చెప్పకుండా తెలియాలనే కదా ఇంత పని.

మధ్యాహ్నం బండ్ల వరుసలో డబ్బాను తీసింది ఎర్రన్న కాదు, తోటి బండివాడు సాయన్న. ఇంకొకరి మూట విప్పడంలో అతని చెయ్యి ముందుంటుంది.

"అరె, గిది సూడుండ్రి! మనోడు చిలుకలు పెంచుతున్నడు!"

పది తలలు డబ్బా మీదికి వంగాయి. సాయన్న జంట చిలుకలను రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్నాడు. "గివి ఏం జేస్తున్నయిరా, ముక్కులు రాసుకుంటున్నయా? పగటిపూటనే?"

"బండి మీద ఒక్కనికి పొద్దువోతలేదని పంపింది కావచ్చు," అన్నాడు నర్సింలు.

"పెండ్లామంటే గట్లుండాలె. మా ఇంట్ల ఉల్లిగడ్డ గూడ పలగ్గొట్టియ్యది."

"ఎర్రగా, నువ్వేం పంపినవ్‌రా ఆమెకు? చెరుకు గడనా?"

నవ్వుకు ఎడ్లు తలలెత్తాయి. ఎర్రన్న చెవులు మండిపోయాయి. పెళ్లాం వలపును పది మంది మధ్య పళ్లెంలో పెట్టినట్టయింది. వలువ లేకుండా నిలబెట్టినా అంత సిగ్గుపడేవాడు కాదు.

"నాకు గాదు," అన్నాడు. "కామునికి చేసింది. రాత్రి నైవేద్యం పెట్టాలె. ఇంట్ల ఉంచితె చీమలు పడ్తయని మూటల పెట్టింది."

నవ్వు ఆగిపోయింది. సాయన్న చేతిలోని జంట మెల్లగా డబ్బాలోకి దిగింది. అక్కడే రొట్టె తింటున్న రాజారాం చెయ్యి కడుక్కుని లేచాడు. ఊళ్లో ఏటా కాముణ్ణి కాల్చే పెద్దమనిషి ఆయనే.

"దేవునిది ముట్టుకుంటర్రా? బుద్ధుండాలె," అని సాయన్నను కసిరి, డబ్బాకు మూత పెట్టి కండువాలో కట్టుకున్నాడు. "నా బండిల పెడ్త. మంచి ఇల్లాలు దొరికిందిరా నీకు, ఎర్రన్నా."

ఎర్రన్నకు ఒక్క ముక్క కూడా దక్కలేదు.

పొద్దు గుంకాక, చెక్కా ముక్కా, పిడకలూ పేర్చిన కుప్ప ముందు ఊరు చేరింది. ఆడవాళ్లు ఎడంగా నిలబడ్డారు. దేవవ్వ పక్కన రేణుకమ్మ. పొద్దుటి నుంచి ఆమె ఒక్క మాట కోసం కాచుకుని ఉంది. మాట కాకపోయినా, బండి దిగుతూ ఒక చూపు. ఎర్రన్న ఇంటికి రాకుండా నేరుగా ఇక్కడికే వచ్చాడు.

మంట లేచాక రాజారాం కండువా విప్పాడు. ఆ వెలుతురులో రేణుకమ్మ తన డబ్బాను గుర్తుపట్టింది.

"ఎర్రన్న ఆలి కామునికని చేతులార చేసింది," అని రాజారాం అందరికీ వినబడేట్టు చెప్పి, చిలుకలను ఒకటొకటిగా మంటలో వేశాడు. పిల్లలు అయ్యో అన్నారు. చక్కెర చిటపటమంది. జంట చిలుకలు ఒక పిడక మీద ఆగి, ముందు రంగు కరిగి, తర్వాత నల్లబడ్డాయి.

"ముందుగాల నాకు చెప్పకపోతివి బిడ్డా, నీకింత భక్తున్నదని," అంది దేవవ్వ పొంగిపోయి.

రేణుకమ్మ మంట అవతల నిలబడ్డ మగని వైపు చూసింది. అతడు కాళ్ల వైపు చూసుకుంటున్నాడు.

ఆ రాత్రి అన్నం పెడుతున్నప్పుడు అతడు "రేణుకా, గది..." అని మొదలుపెట్టాడు. ఆమె చారు పోసింది. "మంచి పని చేసినవ్. దేవునికి ఇచ్చినవ్," అంది. అంతే. ఆ మాటలో కోపం ఉంటే అతడు బతికిపోయేవాడు.

మరుసటి ఏడు కాముని పున్నమకు వారం ముందే రాజారాం వాకిట్లో నిలబడి అడిగాడు. "ఈసారి గూడ చిలుకలు చెయ్యి బిడ్డా. పోరగాండ్లు ఎదురుసూస్తుండ్రు." దేవవ్వ తలూపింది. రేణుకమ్మ కూడా తలూపింది. ఈసారి చాటు లేదు. వెన్న అత్తే తీసిపెట్టింది. పట్టపగలు పొయ్యి వెలిగింది, ఇల్లంతా కమ్మని వాసన నిండింది. ఎర్రన్న దాటిపోతూ దాటిపోతూ వంటింటి గడప దగ్గర ఆగాడు.

"ఒకటి నాకు..."

"నీకెందుకు చేస్తనయ్యా?" చీపురు పుల్ల ఆపకుండానే అంది రేణుకమ్మ. "దేవునికి గద చేసేది. నువ్వు చెప్పిందే."

ఆరబెట్టేటప్పుడు ఒకదాని తోక విరిగింది. విరిగింది దేవుడికి పనికిరాదని గూట్లో పెట్టింది. సాయంత్రం ఆడవాళ్లిద్దరూ తట్ట సర్దుతుంటే ఎర్రన్న దాన్ని అందుకుని కొట్టంలోకి పోయి, ఎద్దు మొహం పక్కన నిలబడి తిన్నాడు. అడుగున ఇసుక పలుకొకటి అంటి ఉంది, పళ్ల కింద కరకరమంది. మిగతాదంతా వెన్న, తీపి. ఏడాది కిందట తనకోసం పంపిన రుచి ఇదన్నమాట. దొంగతనంగా నమలాల్సి వచ్చింది.

"ఏం తింటున్నవ్‌రా?" కొట్టం గుమ్మంలో తల్లి. "దేవుని పిండిలోది ఎంగిలి చేసినవా? నీ మూతిల మన్నువడ!"

ఆమె వెనక రేణుకమ్మ, చంకన తట్టతో. ఈసారి కూడా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఎర్రన్న నోటిదాకా వచ్చింది కూడా. కాని ఆమె అతని నోటివైపే చూస్తోంది, ఏ అబద్ధం వస్తుందో చూద్దామన్నట్టు.

"దేవునిది గాదవ్వా," అన్నాడు. "పోయినేటియి నాకు చేసింది. సిగ్గయి కామునిదని చెప్పిన."

దేవవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గొంతు తగ్గించింది. "అయ్యిందేదో అయ్యింది. ఎవలకు చెప్పకుండ్రి. తట్ట పట్టుకపో, అక్కడ చూస్తుండ్రు."

"నేనియ్య," అంది రేణుకమ్మ.

"మరి రాజారాం అడిగితే?" అన్నాడు ఎర్రన్న.

"అడుగుతడు. చెప్పు."

ఎర్రన్న ఖాళీ చేతులతో నడిచాడు. కుప్ప చుట్టూ ఊరంతా ఉంది. వెనకనే అత్తాకోడళ్లు వచ్చి ఆడవాళ్లలో కలిశారు. తట్ట రేణుకమ్మ చంకనే ఉంది.

"చిలుకలేవిరా?" అన్నాడు రాజారాం.

ఎర్రన్న నోరు తెరిచేలోగానే సాయన్న మంట వెలుతురులో ముందుకు వంగాడు. "వీని పెదాలు సూడుండ్రి! పచ్చగున్నయ్. చిలుకను ముద్దు పెట్టుకున్నవారా?"

గుంపు భళ్లుమంది. నవ్వు తగ్గేదాకా ఎర్రన్న నిలబడాల్సి వచ్చింది. చాలాసేపు తగ్గలేదు.

"గవి నాకు చేసినయి కాకా. పోయినేటియి గూడ. నీకు అబద్ధం చెప్పిన."

రాజారాం ముఖంలో నవ్వు పోయింది. "అంటే ఊరందరి ముందర నాతోని గూడ అబద్ధమాడించినవ్. ఆ పిల్ల సొమ్మును నా చేతులతోని కాల్పించినవ్."

ఆడవాళ్లలోంచి చెవుడున్న నాగవ్వ మెడ సాచింది.

"ఏమంటుండు? గట్టిగ చెప్పుమనుండ్రి, ఇనవడతలేదు."

ఎర్రన్న గొంతు సవరించుకున్నాడు. పారిపోవడానికి దారి ఉంది, అటు చీకటి కూడా ఉంది. చెవుల దాకా కాలిపోతూ, ఊరు దద్దరిల్లేట్టు అరిచాడు.

"నా పెండ్లాం నా కోసం చేసిందవ్వా!"