ఎస్తేరు జత

మంచు మీద బతికే పిల్ల మే నెలలో మా ఉదయగిరికొచ్చింది. పేరు ఎస్తేరు. హంగరీ దేశం. మా మనవరాలు రాధిక ఆ దేశంలో పశువుల డాక్టరు చదువుతా ఉండాది. ఇద్దరిదీ ఒకే గది. సెలవులకి వస్తా ఆ పిల్లనీ వెంటబెట్టుకొచ్చింది.

"ఈ ఎండకి కరిగిపోద్దేమో, చూసుకోవే" అనింది మా ఆవిడ దేవకమ్మ.

బూట్ల కింద కత్తులు బిగించుకుని, గడ్డకట్టిన నీళ్ల మీద మొగోడితో జతగా నాట్యం చేస్తదంట. దానికి పోటీలంట. రాధిక ఫోన్లో చూపించింది. ఇద్దరు మనుషులు, ఒకటే నీడ. బాగుండాది అన్నాను. అంతకంటే మాట్లాడే అలవాటు నాకు లేదు.

ఆ ఫోన్లో ఉండే పిల్లోడు గాబోర్. చిన్నప్పట్నించీ వాడే జత. నిరుడు మోకాలు పోయి ఆట మానేసినాడు. కోచ్ ఇంకొకడిని తెచ్చినాడు, బాలింట్ అని. వాడితో పొసగలా. ఈ పిల్ల తిరిగేటప్పటికి వాడు ఒక రవ్వ వెనకబడతాడు. జత లేకపోతే పోటీ లేదు. నెలాఖరు లోపల అవుననో కాదనో చెప్పాల. లేకపోతే వాడు ఇంకో పిల్లతో ఆడతాడు.

"మానేస్తానంటా ఉండాది తాతా" అనింది రాధిక.

ఎస్తేరు నవ్వేది కాదు. పంచలో కూచుని కొండ మీది కోట వైపే చూసేది.

అప్పుడు నా ఇంట్లోనూ అదే కత. మా ఎద్దుల జతలో పుల్లోడికి కాలు పట్టేసింది. సేద్యం మాని దొడ్లో మేస్తా ఉన్నాడు. మైలోడు ఒంటిగా మిగిలినాడు. వింజమూరు కాడ ఒక రైతు దగ్గర కర్రోడిని కొనుక్కొచ్చినాను. బలమైన ఎద్దే, పొగరు ఎక్కువ.

కొత్త ఎద్దుని జత చేసేప్పుడు మేము ముందే దున్నే మడక కట్టం. ఉత్త కాడి మెడ మీద పెట్టి ఏటి దాకా నడిపిస్తాం. ఇంటికొచ్చినాక రెండిటికీ ఒకే తొట్టిలో కుడితి. తలకాయలు కొట్టుకుంటే కొట్టుకోనీ. కొన్నాళ్లు అంతే. పాత ఎద్దు పేరు మాత్రం కొత్తదాని ముందర ఎత్తం.

ఆ పొద్దున కాడి కట్టినాను. పక్కింటి మాల్యాద్రి గోడ మీదనించి తొంగి చూసినాడు.

"ఏంది మామా, ట్రాక్టరోడికి చెప్తే గంటలో దున్నిపోతాడు గదా. ఎద్దులకి పెళ్లిచూపులేంది?"

"నీ పెళ్లి కుదిర్చింది నేనే గదరా. ఇది దానికంటే సులువు" అన్నాను.

నాలుగడుగులు వేసినామో లేదో, కర్రోడు పక్కకి లాగినాడు. నేను బోరు కాలవలో బోర్లా పడినాను. పంచె ఒక పక్క, నేను ఒక పక్క.

"ముసిలోడికి మంచు అక్కర్లా, బురద చాలు!" అని దేవకమ్మ నవ్వు ఆపుకోలేక కూలబడింది. ఎస్తేరు కూడా నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతానే వచ్చి మైలోడి పక్క పగ్గం పట్టుకుంది.

నేను కర్రోడి మెడ నిమిరి, ఎప్పుడూ అనే మాటే అన్నాను. "ఓ ఓ... నా నాయన, నిదానం."

"ఓ ఓ... నా నాయన" అనింది ఆ పిల్ల.

ఏటి దాకా పోయి వచ్చినాం. తొట్టి కాడ తలకాయలు కొట్టుకున్నాయి. మైలోడు బుస కొట్టి, కాసేపటికి జరిగి చోటిచ్చినాడు.

ఎస్తేరు ఏదో అడిగింది. "కర్రోడు ఎప్పటికి పుల్లోడి మాదిరి నడుస్తాడు అంటా ఉండాది తాతా" అనింది రాధిక.

"ఎప్పటికీ నడవడు. కర్రోడి మాదిరే నడుస్తాడు. మైలోడే కొంచెం మారాల."

రాధిక వాళ్ల మాటలో చెప్పింది. ఎస్తేరు తొట్టి గట్టున కూచుని మైలోడినే చూసింది.

"ఇంకో మాట కూడా చెప్పు. ఎడమ పక్క దాపటెద్దుని కుడి పక్కకి మార్చకూడదు. మారిస్తే జత చెడుద్ది."

"ఆ ఆటలో ఊరికూరికే పక్కలు మారాల తాతా!"

"అట్టయితే అది ఆట కాదు, అన్యాయం" అన్నాను.

రోజూ పొద్దున మాతో ఏటికొచ్చేది. ఒకనాడు దొడ్లోనే నిలబడి ఫోన్ చేసింది. ఆ మాటల్లో బాలింట్ అనే పేరొక్కటే నాకు తెలిసింది. గాబోర్ పేరు ఎత్తలా.

సెలవులై పిల్లలిద్దరూ వాళ్ల చదువుల కాడికి పోయినారు. చలికాలం వచ్చింది. ఒకనాడు, పోటీ ఈ రోజే అని రాధిక ఫోన్ చేసింది. తవుడు కొనేదానికి ఆత్మకూరు పోయి ఉన్నాను. మల్లికార్జునం శెట్టి అంగట్లో పెద్ద టీవీ ఉండాది. ఆయనే ఆటని ఫోన్లోనించి దాంట్లోకి పెట్టినాడు.

వచ్చినారు ఇద్దరూ. బాలింట్ పొడుగు మనిషి. ఈసారి ఒకటే నీడ కాదు, ఇద్దరు మనుషులు కనపడతానే ఉన్నారు. అయినా జత ఎక్కడా తెగలా. ఉన్నట్టుండి ఎస్తేరు ఎడమనించి కుడికి మారింది.

"పక్క మార్చబాకమ్మే!" అని అరిచినాను.

అంగడంతా నావైపు తిరిగింది. అక్కడ ఏమీ చెడలా. మళ్లీ మారినారు. మళ్లీ చెడలా. నేను అరవడం మానేసినాను.

ఆట అయినాక బల్ల మీద కూచుని మార్కుల కోసం కాచుకున్నారు. అంకెలు పడినాయి. ఇద్దరూ ఏడస్తా ఉన్నారు.

"ఓడిపోయినట్టుండారే" అన్నాడు శెట్టి.

అంతలో ఫోన్లో రాధిక కేక. "చివరాటకి ఎక్కినారు తాతా! ఇంత పెద్ద పోటీలో ఎస్తేరు ఎప్పుడూ ఎక్కలా!"

టీవీలో ఎస్తేరు బాలింట్ మెడ నిమురుతా ఉండాది. వాడు వెక్కతానే ఉన్నాడు. ఆమె మాట మైకులో తేటగా వినపడింది.

"ఓ ఓ... నా నాయన."

శెట్టి నోరు తెరిచినాడు. "ఏంది నారాయణయ్యా, ఆయమ్మి తెలుగు మాట్లాడిందే!"

"తెలుగు కాదులే శెట్టీ. మా ఎద్దుల మాట."

అని బస్సెక్కినాను. దోవంతా నాలో నేనే నవ్వుకుంటా ఉన్నాను. ఉదయగిరిలో దిగినాక గుర్తొచ్చింది, తవుడు మూట శెట్టి అంగట్లోనే ఉండాది.