ఇంజనుకి పౌడర్

"ఆ ఉద్యోగం మానేస్తే కొంపేం మునిగిపోదు," అన్నారు మా ఆయన, కారు కింద అట్టముక్క మీద పడ్డ నల్లటి మరక చూపిస్తూ. ఇంజనాయిల్ కారుతోంది. నిన్న ఆయనే బానెట్ ఎత్తి, పళ్లబిగువున బోల్టులన్నీ బిగించారు. ఇవాళ మరక ఇంకా పెద్దదైంది. అంటే ఇంజను పోయిందట. సాయంత్రం కొనేవాడొస్తాడట, పాత ఇనుము ధరకైనా వదిలించుకుందామట. నా జీతంతో నేను కొనుక్కున్న కారది. ఖాళీ కడుపులతో రక్తపరీక్షకి వచ్చినవాళ్లు తెల్లవారకముందే మా ల్యాబ్ బెంచీల మీద నాకోసం కూర్చునుంటారు. ఆ వేళకి బస్సుండదు. ఇవాళంటే నాకు సెలవు. కారు పోతే ఉద్యోగం పోయినట్టే. ఆ మాట చెప్పబోయేలోపే, షర్టు ఇస్త్రీ అయిందా అని అడిగి, తొడుక్కుని వెళ్లిపోయారు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి నేను తుడిచిన నేల దాకా, నాకు వంకపెట్టందే ఆవిడకి పొద్దు గడవదు. ఇప్పుడూ ఏదో ఒకటి అంటారని సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ లోపలికెళ్లి పాతగుడ్డ, కాస్త కిరసనాయిలు, నా అద్దం ముందుండే పౌడర్ డబ్బా పట్టుకొచ్చారు. "ఇంజను చల్లగానే ఉందిగా, ఆ జిడ్డంతా తుడువు," అన్నారు. తుడిచాను. బాగా ఆరాక పౌడరంతా దాని మీద చల్లేశారు. కొత్త డబ్బా, నా ప్రాణం ఉసూరుమంది.

"ఇంజనుకి సింగారమేంటత్తయ్యా? లిప్‌స్టిక్ కూడా తేనా?"

"స్టార్ట్ చెయ్యి ముందు. వేళాకోళాలు తర్వాత."

కాసేపు నడిపి ఆపాను. తెల్లటి పౌడర్లో సన్నటి నల్లగీత. కింద ఎక్కడో కాదు, ఇంజను పైమూత అంచునుంచి దిగుతోంది. "అదీ సంగతి. ఇంజను నిక్షేపంలా ఉంది. మూత కింద రబ్బరు ప్యాకింగ్ నలిగిపోయింది. కారుతోంది కదా అని వీడు బలమంతా పెట్టి బిగించాడు, ఉన్నదికాస్తా చితికింది," అన్నారు అత్తయ్య.

మామయ్య బతికున్న రోజుల్లో ఈ వాకిట్లోనే కార్లు బాగుచేసేవారని తెలుసు. "ఇవన్నీ ఆయన నేర్పారా?" అన్నాను. "నేర్పడమా! లైటు పట్టుకోమనేవాడు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా కదలకూడదు. చెయ్యి కాస్త వణికితే చాలు, 'బుర్రెక్కడ పెట్టావే' అని వచ్చినవాళ్లందరి ముందూ అరిచేవాడు. బుర్ర ఇక్కడే పెట్టాను. తిట్టినప్పుడల్లా ఇంకాస్త బాగా చూశాను," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో ఏడుపు లేదు. పట్టుదల ఉంది, కాస్త గర్వం కూడా ఉంది. ఇన్నాళ్లూ ఈవిడ పక్కన కూరగాయలు తరుగుతూ నేనేం చూశానా అనిపించింది.

ఇంజను చల్లారాక నాచేత మూత విప్పించి, పాత ప్యాకింగ్‌ని కవర్లో వేసుకుని విడిభాగాల కొట్టుకి ఆవిడే నడిచివెళ్లి, అలాంటిదే కొత్తది తెచ్చారు. వేళ్లు వంగవని స్పానర్ నాకిచ్చి, లైటు తను పట్టుకున్నారు. "మధ్య బోల్టునుంచి మొదలెట్టు. ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం. బలం చూపించకు, ఆగిందనిపిస్తే ఆగు." ఒక బోల్టు చేతిలోంచి జారి కిందెక్కడో పడింది. తిట్టు కోసం తల వంచుకున్నాను. "పోనీలే, దొరుకుతుంది," అని లైటు అటు తిప్పారు. ఆవిడ మీద నాకెంత గౌరవం పుట్టుకొచ్చిందో చెబుదామనుకున్నాను కానీ, పైకి చెబితే వెంటనే కూరలో ఉప్పు సంగతి ఎత్తుకుంటారని ఊరుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చి కొత్త అట్టముక్క చూశారు. చుక్క లేదు. ఇద్దరం కలిసి బాగుచేశామని చెప్పాను. "భలే! ఇంక మంచి ధరే వస్తుంది," అన్నారు సంబరంగా.

"కారడం లేదు కదరా, అమ్మడం దేనికి?" అన్నారు అత్తయ్య.

"నీకు తెలీదులేమ్మా. పొద్దున లేచేసరికి ఇంట్లో కాఫీ ఇచ్చే దిక్కుండదు. కారు లేకపోతే అదే ఇంటిపట్టున ఉంటుంది."

నాకు కోపం కూడా రాలేదు. తెలియాల్సింది తెలిసిపోయింది. అప్పుడే గేటు చప్పుడైంది, కొనేవాడొచ్చాడు. వెళ్లి, కారు అమ్మడం లేదండీ, శ్రమపెట్టాం, ఏమీ అనుకోకండి అని చెప్పి పంపించేశాను.

"ఎవర్నడిగి పంపించావ్?" మా ఆయన గొంతు వీధిలోకి వినిపించింది.

జుట్టు కత్తిరించుకున్నా, పుట్టింటికి ఫోన్ చేసినా ఇదే ప్రశ్న. ప్రతిసారీ ఎవరిదో ఒకరి పేరు చెప్పి బయటపడేదాన్ని. నా వెనకనుంచి అత్తయ్య, "నన్నే..." అనబోయారు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఎవర్నీ అడగలేదు," అన్నాను.