ఆకు అడుగున

రోజూ పొద్దున్నే తోడికోడళ్ళిద్దరూ వరండాలో కూర్చుని ఇసుక జల్లెడ పడతారు. తొమ్మిది పాళ్ళ పొడి ఇసుకకు ఒక పాలు సున్నం. కలిపింది సంచిలో పోసి నడుముకు కట్టుకుని, ఎవరి మొక్కజొన్న చేనుకు వాళ్ళు వెళ్తారు. కత్తెర పురుగు మొక్క నడినెత్తిన, ఆకులు చుట్టుకున్న సుడిలో దూరి తింటుంది. అందులో చిటికెడు ఇసుక పడిందంటే దాని పని అయిపోయినట్టే.

పెద్దకోడలు ఒక్కో మొక్కనూ వంచి, సుడిలోకి తొంగిచూసి, ఇసుక వేసి, ఇంకోదాన్ని వంచుతుంది. చిన్నకోడలికి ఆ బాధ లేదు. చేలో అడుగు పెట్టగానే ఆమె పాదాలు నేల వదిలేస్తాయి. పైరు ఎంత ఎత్తు పెరిగితే అంత ఎత్తున తేలుతూ, కూరలో ఉప్పు వేసినంత తేలిగ్గా పని కానిచ్చేస్తుంది. ఆమె తల పైరు మీద కనిపిస్తే పక్కచేను వాళ్ళు పదయిందని టీ తాగడానికి లేస్తారు.

“దానికి కాళ్ళు నేల మీద నిలవవు,” అని పెద్దకోడలు మొగుడి దగ్గర విసుక్కుంది.

“నిలవవు కదా. ఆకులు గీసుకుపోయే బాధ లేదు ఆ అమ్మాయికి,” అన్నాడాయన పేపర్లోంచి తల ఎత్తకుండా.

మామగారు ముందే చెప్పేశారు. కంకులు వేసేనాటికి ఎవరి చేను శుభ్రంగా ఉంటే, వచ్చే పంటకు బావి పక్క చేను వాళ్ళది. దానికోసం పెద్దకోడలు పన్నెండేళ్ళుగా కాచుకుని ఉంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల దాన్ని తన్నుకుపోతుందంటే ఆమెకు కడుపు మండిపోయింది. ఆ పిల్ల చేతుల మీద ఒక్క గీతైనా లేదు! తనవి మోచేతుల దాకా గీరుకుపోయాయి.

ఒక సోమవారం గట్టు మీద నడుస్తూ ఆమె చిన్నకోడలి చేలో ఒక ఆకు పైకెత్తి చూసింది. అడుగున గుడ్ల గుంపు, దాని మీద బూజులాంటి నూగు. పక్క మొక్కకూ ఉంది, దాని పక్కదానికీ ఉంది. పైనుంచి చూసే మనిషికి ఇవి జన్మలో కనపడవు. వేళ్ళతో నలిపేస్తే అరగంట పని. పిలిచి చెబితే ఒక్క మాట. ఆమె ఆకును జాగ్రత్తగా వదిలేసి ఇంటికొచ్చి, ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తింది.

కుళ్ళులో పడి ఆమె మరిచిపోయింది ఒక్కటే. గుడ్లలోంచి వచ్చిన పిల్లపురుగులు సన్నటి దారం పట్టుకుని వేలాడతాయి, గాలి ఎటు తీసుకెళ్తే అటు పోతాయి. ఆ వారం గాలి ఆమె చేను వైపే వీచింది. ప్రతి సుడిలోనూ రంపపు పొట్టులాంటి రెట్ట. రెండు చేలకూ ఒక్కసారే తగులుకుంది. పెద్దకోడలు గట్టు దిగి మొదటి మొక్కను వంచింది.

చిన్నకోడలు సంచి కట్టుకుని, తన చేలో దిగకుండా నేరుగా ఈ చేలోకి వచ్చి పైకి లేచింది.

“నీది ముందు కానిద్దాం అక్కా. వంచి చూసుకుంటూ పోతే నీకు ఎన్నాళ్ళు పడుతుంది? నాది తర్వాత చూసుకుంటాలే.”

గుడ్లు చూసిన సంగతి పెద్దకోడలికి నోటిదాకా వచ్చింది. “ఆ మూల కూడా చూడవే,” అంది.

మూడు రోజులు పట్టింది. పెద్దకోడలి చేను దక్కింది. ఈలోగా చిన్నకోడలి చేలో సుడులన్నీ పురుగుల పాలయ్యాయి. మామగారు రెండు చేలూ తిరిగి చూసి, అన్నమాట ప్రకారం బావి పక్క చేను పెద్దకోడలికే ఇచ్చారు.

మరుసటి పంటలో ఆ చేను నడుమెత్తు లేచాక, పెద్దకోడలు సంచి కట్టుకుని అందులో అడుగు పెట్టింది. పాదాలు నేల వదిలాయి.

“చెప్పులు జారి పడతాయి, ఇలా ఇచ్చెయ్,” అన్నాడు మొగుడు గట్టు మీదనుంచి.

ఎంత హాయిగా ఉందో! సుడులన్నీ గిన్నెల్లా నోరు తెరుచుకుని ఉన్నాయి. సాయం వచ్చిన చిన్నకోడలు కింద సాళ్ళ మధ్య నడుస్తోంది. ఈసారి ఆమె పాదాలు లేవలేదు. చేతుల నిండా గీతలు. ఒకసారి తలెత్తి పైకి చూసింది. ఆ చూపు పెద్దకోడలికి బాగా తెలుసు, పోయిన పంటంతా తను చూసిన చూపే.

తర్వాత చిన్నకోడలు వంగి ఒక ఆకు తిప్పింది. కాసేపు అలాగే చూసింది. మెల్లిగా వదిలేసింది.

“ఏమే, ఏమన్నా ఉందా అక్కడ?” అంది పెద్దకోడలు. పైనుంచి ఆమెకు పచ్చటి ఆకులు తప్ప ఏమీ కనపడటం లేదు.

“ఏం లేదక్కా,” అంటూ చిన్నకోడలు పక్క సాల్లోకి నడిచింది.