తూకం అందకపోతే

ఆమె టిఫిన్ డబ్బాల మూతలు బిగిస్తుంటే వెనక నుంచి మొగుడు ఆవలిస్తూ అన్నాడు. "ఇవాళ డెమో. ఎర్రగా ఉన్న ఆ టెస్టును పచ్చ చేసి పారెయ్. మాక్ నీ చేతిలోదేగా. బరువు పదికిలోలని చెప్పించు, పాసైపోతుంది."

ఆఫీసులోనూ అతనే ఆమె పైఅధికారి. ఆసుపత్రుల్లో పిల్లలకు మందు మోతాదు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ముక్క, వాళ్ల భాషలో క్లాసు, అతను రాశాడు. పిల్లల బరువు కోసం అది తూకం యంత్రాన్ని చదివే ఇంకో క్లాసు మీద ఆధారపడుతుంది. అతను రెండింటినీ కలిపి ముడేసి పెడితే, వారం కూర్చుని విడదీసింది ఆమె. టెస్టులో అసలు తూకం బదులు ఒక ఉత్తుత్తి క్లాసును, అదే మాక్‌ను, నిలబెట్టి "బరువు అందలేదు" అనిపించింది. అప్పుడు మోతాదు ఆగిపోవాలి. ఆగలేదు. పసిబిడ్డకు పెద్దవాళ్ల మోతాదు రాసిచ్చింది. టెస్టు తప్పిందని తెరమీద ఎరుపు వెలిగింది.

అది చూపించిన రోజు "నా తప్పులు వెతకడం తప్ప నీకు పనిలేదా" అన్నాడు. మీటింగులోనేమో "మా ఆవిడకు చాదస్తం, ఇంట్లో కంచాలు కూడా రెండుసార్లు తోముతుంది" అని అందరినీ నవ్వించాడు. రెండుసార్లు తోమేది, తినబోతూ అతను కంచం అంచుకు అంటించే చూయింగ్ గమ్ ఓ పట్టాన వదలక. ఆ మాట అక్కడ అనలేక తనూ నవ్వింది.

డెమోలో కంపెనీ పెద్దాయన తెరమీది ఎరుపు చూసి "ఇదేంటి?" అన్నాడు. మొగుడు ఆమెకేసి కళ్లెగరేశాడు, సర్దిచెప్పమని. పదకొండేళ్లుగా ఆమె చేస్తున్నది అదే.

"బరువు తెలియకపోతే ప్రాణం తీసేంత మందు ఇస్తోందండి," అంది. "ఈయన మాక్‌తో అబద్ధం చెప్పించమన్నారు. నేను చెప్పించలేదు."

పెద్దాయన డెమో ఆపేశాడు.

కారులో అతను దారంతా పళ్లు నూరాడు. "నలుగురిలో మొగుడి పరువు తీసే ఆడదాన్ని నిన్నే చూశా."

"ఆ నలుగురిలో ముగ్గురికి చంటిపిల్లలున్నారు."

ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా సోఫాలో కాళ్లు చాపాడు. ఆమె ఫోన్ మోగింది. అత్తగారు. కొడుకు ఫోనెత్తడు కాబట్టి రోజూ కోడలికే చేస్తుంది. అతను కళ్లు తెరవకుండానే చెయ్యి ఊపాడు, లేనని చెప్పమని.

"ఇక్కడే ఉన్నారత్తయ్యా, పడుకుని. మీతో మాట్లాడటం ఇష్టంలేక, ఇన్నాళ్లూ మీటింగులో ఉన్నారని నాతో చెప్పించారు."

అతను దిగ్గున లేచి కూర్చున్నాడు.

"తెలుసే," అంది అత్తగారు. "మీ మావయ్య కూడా వాళ్లమ్మకు నాతో ఇలాగే చెప్పించేవారు. ఫోన్ వాడికియ్యి."